రోజుకో కొత్త బ్లూ స్క్రీన్ కోడ్: పాత కంప్యూటర్‌లో క్రాష్ డంపులు ఎలా చదవాలి

నమస్తే అండీ. ముందు మీ సమస్యను నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీది డీటీపీ షాపు. పేజ్‌మేకర్, అను ఫాంట్స్ కోసమని ఒక పాత మిషను ఉంచుకున్నారు. కోర్ 2 డ్యుయో ఈ7500 ప్రాసెసర్, జీ31 చిప్‌సెట్ బోర్డు, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్ స్టిక్కులు రెండు, విండోస్ 7 32 బిట్. నెల రోజులుగా రోజుకు రెండు మూడుసార్లు బ్లూ స్క్రీన్ వస్తోంది, ఒకట్రెండుసార్లు ప్రింట్ ఇచ్చినప్పుడే వచ్చింది. రెండుసార్లు ఫార్మాట్ చేయించారు. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది. క్రాష్ వివరాలు చూపించే బ్లూస్క్రీన్‌వ్యూ ప్రోగ్రాములో చూస్తే కోడ్ ప్రతిసారీ మారుతోంది: 1ఏ, 50, 0ఏ, 24, ఒకసారి 7ఏ. కారణం అన్నచోట మాత్రం ప్రతిసారీ విండోస్ కెర్నెల్ (విండోస్ గుండెకాయ లాంటి ముఖ్య భాగం) ఫైలు పేరే కనిపిస్తోంది. రిపేరు చేసే అతను "కెర్నెల్ ఫైలు పాడవుతోంది, ఇంకోసారి ఫార్మాట్ చేద్దాం" అంటున్నాడు.

మూడోసారి ఫార్మాట్ చేయించకండి. మీరు రాసిన ఐదు కోడ్‌లలోనే సగం జవాబు ఉంది, అది హార్డ్‌వేర్ వైపు చూపిస్తోంది. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను. పద్ధతి తెలిస్తే తర్వాత ఏ పాత మిషనుకైనా మీరే చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు మీ ఫైళ్ళ సంగతి. ర్యామ్ మీద అనుమానం ఉన్న మిషనులోనే కూర్చుని పెన్‌డ్రైవ్‌కి బ్యాకప్ తీసుకోకండి. కాపీ అయ్యే ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే వెళ్తుంది. అక్కడ ఒక్క బిట్ (0 లేదా 1) తారుమారైనా చెడిన కాపీయే పెన్‌డ్రైవ్‌లోకి చేరుతుంది, ఏ మెసేజీ రాదు, ఆరు నెలల తర్వాత ఆ పెళ్ళిపత్రిక ఫైలు తెరిచినప్పుడు గానీ మీకు తెలియదు. హార్డ్ డిస్కును ఊడదీసి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో వేరే మంచి కంప్యూటర్‌కు తగిలించి కాపీ చేసుకోండి. చెక్‌డిస్క్ కూడా ఇప్పుడు నడపకండి. చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ను సరిచేస్తూ డిస్కు మీద రాస్తుంది, ర్యామ్ తప్పు చెప్తుంటే బాగున్నవాటినీ చెరిపి రాస్తుంది. అలా మూడేళ్ళ పని పోగొట్టుకున్న ఒక ఫోటో స్టూడియో ఆయన్ని నేను దగ్గరగా చూశాను. అందుకే ప్రతిసారీ ఈ మాట మొదటే చెప్తాను.

ఇక కెర్నెల్ ఫైలు పేరు ఎందుకు వస్తుందో చూద్దాం. బ్లూ స్క్రీన్ వేసి మిషనును ఆపే పని చేసేదే కెర్నెల్. ఏదో ఒక చోట ఉండకూడని విలువ కనబడుతుంది. అలాగే ముందుకు వెళ్తే డిస్కు మీది డేటా కూడా పాడవుతుంది కాబట్టి అక్కడికక్కడ ఆపేసి, ఆ క్షణంలో మెమరీ ఎలా ఉందో డంప్‌గా రాస్తుంది. బ్లూస్క్రీన్‌వ్యూ లాంటి ప్రోగ్రాములు డంప్ స్టాక్‌లో, అంటే క్రాష్ ముందు నడుస్తున్న పనుల వరసలో, దొరికిన పేర్లలోంచి ఒకదాన్ని ఎంచి చూపిస్తాయి. డ్రైవరు పేరేదీ దొరక్కపోతే మిగిలేది కెర్నెల్ పేరే. దొంగ పడ్డాడని కేకవేసినవాడినే పట్టుకున్నట్టు అన్నమాట.

ఇంకో చిక్కుంది. మెమరీ పాడైన క్షణం వేరు, పట్టుబడిన క్షణం వేరు. పదింటికి ర్యామ్‌లో ఒక బిట్ తిరగబడిందనుకోండి. ఆ చోటును ఎవరూ ముట్టుకోనంతసేపు ఏమీ కాదు. పదకొండింటికి ప్రింటర్ డ్రైవరు అక్కడి నుంచి చదివితే క్రాష్ ప్రింటర్ డ్రైవరు పేరు మీద పడుతుంది. అదే చోటును ఫైల్ సిస్టమ్ చదివితే 24 వస్తుంది. మెమరీ లెక్కలు చూసే భాగం చదివితే 1ఏ. తిరగబడిన బిట్ ఒక చిరునామాలో భాగమైతే, ఆ చిరునామాలో ఏమీ ఉండదు కాబట్టి 50 గానీ 0ఏ గానీ వస్తుంది. డంప్‌లో కనిపించేది దెబ్బ తిన్నవాడి పేరు, కొట్టినవాడిది కాకపోవచ్చు.

అందుకే ఒక్క డంపును చూసి నేను తీర్పు చెప్పను. ఐదారు డంపులు పక్కపక్కన పెట్టి చూడాలి. తప్పు డ్రైవరుదైతే ఆ తప్పుకు ఒక అలవాటు ఉంటుంది: అదే కోడ్, అదే డ్రైవరు, చాలాసార్లు అదే పని చేస్తున్నప్పుడు. హార్డ్‌వేర్ తప్పుకు అలాంటి అలవాటు ఉండదు. కోడ్ మారుతుంది, పేరు మారుతుంది లేదా మీకు వచ్చినట్టు కెర్నెల్ పేరే మిగులుతుంది, చేస్తున్న పని మారుతుంది. ఈ చెల్లాచెదురుతనమే దాని గుర్తు. కొత్తగా వేసిన విండోస్‌లో ఫైల్ సిస్టమ్, మెమరీ, డిస్కు, డ్రైవర్లు అన్నీ ఒకే నెలలో వేరువేరుగా చెడిపోవడం జరిగే పని కాదు. వాటన్నిటికీ కింద ఉన్నదేదో కదులుతోంది. మీ 1ఏ, 50, 0ఏ, 24 వరసను చూడగానే నాకు ర్యామ్, దాని తర్వాత కరెంటు సరఫరా గుర్తొచ్చాయి.

డంపులు సరిగ్గా తయారవుతున్నాయో లేదో ఒకసారి చూసుకోండి. కంప్యూటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ. అక్కడ ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అయ్యే టిక్ తీసేయండి, అప్పుడు నీలం స్క్రీన్ అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు. డంప్ రకం దగ్గర కెర్నెల్ మెమరీ డంప్ పెట్టండి. విండోస్ 7లో అది పెడితే పెద్ద డంపుతో పాటు చిన్న మినీడంప్ కూడా రాస్తుంది. పెద్దది ప్రతిసారీ పాతదాని మీదే రాసుకుంటుంది, మినీడంపులు మాత్రం విండోస్ ఫోల్డరు లోపలి మినీడంప్ ఫోల్డరులో విడివిడిగా పోగవుతాయి. జంక్ ఫైళ్ళు తుడిచే క్లీనర్ ప్రోగ్రాము ఉంటే కొన్నాళ్ళు ఆపండి, అవి డంపులను కూడా చెత్తగా లెక్కేసి తీసేస్తాయి.

క్రాష్ అయ్యేటప్పుడు విండోస్ నేరుగా డంప్ ఫైలు సృష్టించదు. ఆ సమయంలో ఫైల్ సిస్టమ్‌ను నమ్మలేదు కాబట్టి, ముందే చోటు తెలిసి ఉన్న పేజ్‌ఫైల్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే డిస్కు ఫైలు) మెమరీని రాసేస్తుంది. మళ్ళీ బూట్ అయినప్పుడు అక్కడి నుంచి తీసి ఫైలుగా మారుస్తుంది. కాబట్టి స్పీడు కోసమని ఎవరైనా సీ డ్రైవులో పేజ్‌ఫైల్ తీసేసి ఉంటే డంప్ రాదు. పాత మిషన్లలో ఈ "ట్వీకు" తరచుగా కనిపిస్తుంది, మీదాంట్లో కూడా చూడండి.

డంప్ రాకపోవడం కూడా ఒక ఆధారమే. విండోస్ 7 నీలం స్క్రీన్ చివర డంప్ కోసం డిస్కును సిద్ధం చేస్తున్నట్టు ఒక వరస, ఆ తర్వాత మెమరీని డిస్కుకు రాస్తున్నట్టు అంకెలు పెరిగే వరస వస్తాయి. అంకెలు 100కు చేరకుండా, డిస్కును సిద్ధం చేసే దగ్గరే ఆగిపోతే అనుమానం డిస్కు మీదికో, దాని కేబుల్ మీదికో, దానికి వెళ్ళే పవర్ మీదికో వెళ్ళాలి. నీలం స్క్రీనే లేకుండా టక్కున ఆరిపోయి రీస్టార్ట్ అయితే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, కెర్నెల్ పవర్ పేరుతో 41 నంబరు ఈవెంట్ వెతకండి. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ కోడ్) సున్నా ఉంటే విండోస్‌కు ఆగే టైమ్ కూడా దొరకలేదన్నమాట: కరెంటు, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు మార్చి ఇచ్చే డబ్బా), లేదా విపరీతమైన వేడి. సున్నా కాకుండా వేరే అంకె ఉంటే అది మామూలు దశాంశ లెక్కలో ఉంటుంది, నీలం స్క్రీన్ మీద ఉన్నది పదహారు ఆధారంగా రాసే హెక్సాడెసిమల్ లెక్క. 26 అంటే 1ఏ. 80 అంటే 50. 36 అంటే 24. 122 అంటే 7ఏ. 292 అని కనిపిస్తే అది 124, దాని గురించి కింద చెప్తాను. చాలామంది ఈ రెండు లెక్కల మధ్య తేడా తెలియక, లేని కోడ్ కోసం రోజులు రోజులు వెతుకుతారు.

మినీడంప్ ఫైలు పేరులో తేదీ ఉంటుంది, మొదట నెల, తర్వాత రోజు, తర్వాత సంవత్సరం. మనం రోజు ముందు రాస్తాం కాబట్టి పొరబడకండి. తేదీలు మరీ పాతవి కనిపిస్తుంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. అది చిన్న విషయం కాదు. కరెంటు పోయిన ప్రతిసారీ బయోస్ సెట్టింగులు చెరిగిపోతాయి, ర్యామ్ స్పీడు, వోల్టేజీ కూడా బోర్డు తనకు తోచినట్టు పెట్టుకుంటుంది. పైగా డంపులు ఏ వరసలో వచ్చాయో మనకు తెలియకుండా పోతుంది. ముందు బ్యాటరీ మార్చేయండి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని ప్రతి క్రాష్‌కూ ఒక వరస రాయండి: తేదీ, టైమ్, మిషను ఆన్ చేసి ఎంతసేపైంది, ఏం చేస్తున్నారు, కోడ్, దాని పక్కన బ్రాకెట్లో ఉన్న నాలుగు సంఖ్యలు. మిషను ఆన్ చేసి ఎంతసేపైందన్నది ఎవరూ రాయరు, నాకు మాత్రం కోడ్ కన్నా అదే ఎక్కువ చెప్తుంది. ఉదయం ఆన్ చేసిన మొదటి పది పదిహేను నిమిషాల్లోనే క్రాష్ అయి, ఆ తర్వాత రోజంతా బాగుంటే కెపాసిటర్ల మీద అనుమానం పడాలి. వయసైపోయిన కెపాసిటర్లు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఇబ్బంది పెడతాయి, వేడెక్కాక కాస్త కుదురుకుంటాయి. దీనికి తిరగేసి, ఉదయం బాగుండి ఒకటి రెండు గంటల తర్వాత మొదలైతే వేడి. నేను పనిచేసిన ఒక కాలేజీ ల్యాబులో ఒక మిషనుకు మూడు నెలలపాటు రకరకాల కోడ్‌లు వచ్చాయి. ర్యామ్ మార్చాం, డిస్కు మార్చాం. చివరికి అన్ని క్రాష్‌లూ ఉదయం మొదటి పీరియడ్‌లోనే వస్తున్నాయని రిజిస్టరు చూస్తే తెలిసింది. బోర్డు తీసి చూస్తే ప్రాసెసర్ పక్కన నాలుగు కెపాసిటర్లు పైకి ఉబ్బి ఉన్నాయి. మొదటి వారంలోనే టైమ్ రాసి ఉంటే ర్యామ్ కొనే ఖర్చు తప్పేది.

డంపులను ఇంకా లోపలికి చదవాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ విన్‌డీబగ్ కావాలి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితం. కొత్త వెర్షన్ విండోస్ 7లో ఎక్కదు, కాబట్టి మినీడంప్ ఫోల్డరును విండోస్ 10 గానీ 11 గానీ ఉన్న ల్యాప్‌టాప్‌కు కాపీ చేసుకోండి. ఎలాగూ అనుమానం ఉన్న మిషనులో దాని డంపునే చదవడం మంచిది కాదు. డంప్ తెరిచాక, నెట్ ఉంటే అది మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఆ విండోస్‌కు సంబంధించిన సింబల్ ఫైళ్ళు (కోడ్‌లోని చిరునామాలకు పేర్లు చెప్పేవి) తెచ్చుకుంటుంది, మొదటిసారి కాస్త టైమ్ పడుతుంది. తర్వాత నీలి రంగులో ఎనలైజ్ అనే లింకు కనిపిస్తుంది, దాన్ని నొక్కండి. పేజీలకు పేజీలు వస్తాయి, కంగారు పడకండి. చివర్లో మాడ్యూల్ పేరు, ఇమేజ్ పేరు అన్న రెండు వరసలు చూస్తే చాలు.

అక్కడ ఏదైనా డ్రైవరు పేరుంటే కాగితం మీద రాసుకోండి. మెమరీ కరప్షన్ అనో, హార్డ్‌వేర్ అనో ఉంటే మాత్రం జాగ్రత్తగా చూడండి. విన్‌డీబగ్ దగ్గర ఒక మంచి ఉపాయం ఉంది. కెర్నెల్ కోడ్ నడుస్తుండగా మారకూడదు. కాబట్టి డంపులో ఉన్న కోడ్‌ను మైక్రోసాఫ్ట్ దగ్గరున్న అసలు ఫైలుతో బైట్ బైట్‌గా పోల్చి చూస్తుంది. తేడా సరిగ్గా ఒక్క బిట్ మాత్రమే అయితే "వన్ బిట్" అని రాస్తుంది. డ్రైవరు రాసిన తప్పు ఒక్క బిట్‌తో ఆగడం అరుదు, అది నాలుగు బైట్లో ఎనిమిది బైట్లో ఒకేసారి చెరుపుతుంది. ఒంటరి బిట్ తిరగబడిందంటే దాదాపు ఎప్పుడూ ర్యామ్, లేదా ర్యామ్‌కు వెళ్ళే దారి. మినీడంప్‌లో కోడ్ కొంచెమే ఉంటుంది కాబట్టి ఈ పోలిక పెద్ద డంపులోనే బాగా తేలుతుంది, కెర్నెల్ డంప్ పెట్టమన్నది అందుకే.

ఈ ఒక్క బిట్‌ను మీరే కంటితో కూడా పట్టుకోవచ్చు. 50 కోడ్‌లో నాలుగు సంఖ్యల్లో మొదటిది, కెర్నెల్ చదవబోయిన చిరునామా. ఉదాహరణకు అది 85416010 అనుకుందాం. విన్‌డీబగ్‌లో చుట్టుపక్కల చూస్తే 85412010 అన్నది నిజంగా ఉన్న చోటు. తేడా ఒక్క అంకెలో: 2 ఉండాల్సిన చోట 6. రెండింటినీ బైనరీలో రాస్తే 0010, 0110. ఒక్క బిట్. ఇదే బిట్ స్థానం రెండు మూడు డంపుల్లో మళ్ళీ మళ్ళీ తేడాగా కనిపిస్తే ఒక స్టిక్కులో ఒక చిప్పో, స్లాటులో ఒక పిన్నో కారణం అనుకోవచ్చు. ప్రతిసారీ వేరే బిట్ అయితే నేను స్టిక్కు కన్నా వోల్టేజీ, వేడి వైపు ముందు చూస్తాను.

ఇక పరీక్ష. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాంతో బూట్ చేయండి. 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి ఇది కొత్త మిషన్లకూ పాతవాటికీ ఒకేలా పనిచేస్తుంది. మీ బోర్డు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాకపోతే సీడీ రాసుకోండి. విండోస్‌తో వచ్చే మెమరీ పరీక్ష ఉంది గానీ, దాని మామూలు మోడ్‌లో పాసైన ర్యామ్ ఇక్కడ ఫెయిలవడం నేను చాలాసార్లు చూశాను. ఒక పాస్ (పరీక్ష ఒక పూర్తి చుట్టు) సరిపోదు, కనీసం నాలుగైదు పాస్‌లు నడవనివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిల్ కిందే లెక్క. "నాలుగు జీబీలో ఒక్కటే కదా" అనుకోవడానికి లేదు.

ఎర్రర్ వస్తే వెంటనే కొత్త ర్యామ్ కొనకండి. కరెంటు వైరు ఊడదీసి, స్టిక్కులు తీసి, బంగారు రంగు అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మన దగ్గర అందరూ రబ్బరుతో రుద్దుతారు, అది పనిచేస్తుంది కూడా, కానీ గట్టిగా రుద్దితే పూత లేచిపోతుంది, రబ్బరు పొడి స్లాటులో పడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఈ అంచులు త్వరగా మసకబారతాయి, సగం కేసులు తుడవడంతోనే తీరిపోతాయి. తర్వాత స్టిక్కులు ఒక్కొక్కటిగా పరీక్షించండి. మొదటి స్టిక్కు మొదటి స్లాటులో, రెండోది మొదటి స్లాటులో, మళ్ళీ రెండూ రెండో స్లాటులో. ఎర్రర్ స్టిక్కు వెంట వెళ్తే స్టిక్కు చెడింది. స్లాటు దగ్గరే ఉండిపోతే స్లాటు. రెండు స్టిక్కులూ రెండు స్లాట్లలోనూ ఫెయిలైతే ర్యామ్‌ను తప్పుపట్టకండి, రెండూ ఒకేసారి చెడవు.

అలాంటప్పుడు చూడాల్సింది నార్త్‌బ్రిడ్జి. ఇప్పటి ప్రాసెసర్లలో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది. కోర్ 2 కాలంలో అది బయట, బోర్డు మధ్యలో చిన్న హీట్‌సింక్ కింద ఉన్న చిప్‌లో ఉండేది, మీ జీ31 అంటే అదే. పదిహేనేళ్ళలో దాని కింద పేస్టు ఎండి పొడైపోతుంది. ప్రాసెసర్ ఫ్యాను తీసి కొత్త పేస్టు పెట్టేవాళ్ళు కూడా దీన్ని వదిలేస్తారు. రెండింటికీ పెట్టించండి. ప్రాసెసర్ ఫ్యానుకు నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, నాలుగూ బోర్డు వెనక వైపు పూర్తిగా దిగాయో లేదో చూడాలి, ఒకటి లేచి ఉన్నా ఒక మూల గాలి సందు ఏర్పడుతుంది. బయోస్‌లో ర్యామ్ వోల్టేజీ 1.8 ఉందో లేదో చూడండి, డీడీఆర్2కు అదే ప్రమాణం. పరీక్ష కోసం ర్యామ్ స్పీడును 800 నుంచి 667కు తగ్గించండి. తగ్గిస్తే ఎర్రర్లు ఆగాయంటే ఆ దారిలో ఏదో అంచున నడుస్తోంది.

మీరు ప్రింట్ ఇచ్చినప్పుడు క్రాష్ అయిందన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. లేజర్ ప్రింటరేనా? కంప్యూటర్, ప్రింటర్ రెండూ ఒకే చిన్న యూపీఎస్‌కు తగిలించి ఉన్నాయా? లేజర్ ప్రింటర్‌లో టోనర్‌ను కాగితానికి అతికించే హీటర్ ఉంటుంది, అది వేడెక్కే ప్రతిసారీ ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. అప్పుడు యూపీఎస్ వోల్టేజీ పడిపోతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ ఆ కుదుపును తట్టుకుంటుంది, వయసైనది తట్టుకోలేదు. ప్రింటర్‌ను యూపీఎస్‌లోంచి తీసి నేరుగా గోడ ప్లగ్‌కు పెట్టండి, ఈ రోజే. ఎర్తింగ్ ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఎస్‌ఎంపీఎస్‌ను మల్టీమీటర్‌తో చూడవచ్చు. పసుపు వైరు 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎరుపు వైరు 4.75 నుంచి 5.25 మధ్య, నారింజ వైరు 3.14 నుంచి 3.46 మధ్య ఉండాలి. మిషను పనిలో ఉన్నప్పుడు కొలవాలి, ఖాళీగా ఉన్నప్పుడు కాదు. అయితే మల్టీమీటర్ సగటు మాత్రమే చూపిస్తుంది, వేగంగా వచ్చే అలలు దానికి కనపడవు. అందుకే లెక్క సరిగ్గా ఉన్నా అనుమానం తీరకపోతే తెలిసినవాళ్ళ దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ రెండు రోజులు అరువు తెచ్చి పెట్టి చూడటమే అసలైన పరీక్ష. దాని డబ్బాను మాత్రం మీరు విప్పకండి, ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

మీ లిస్టులో 7ఏ ఒక్కటే కాస్త వేరు రకం. డిస్కు నుంచి పేజీని మెమరీలోకి తేబోయి రాకపోతే ఇది వస్తుంది. ర్యామ్ వల్ల కూడా రావచ్చు గానీ, రెండో సంఖ్యను తప్పక చూడండి. దాని చివర 9సీ గానీ 16ఏ గానీ ఉంటే డిస్కులో బ్యాడ్ సెక్టార్లు. 9డీ గానీ 185 గానీ ఉంటే డిస్కు కనెక్షనే తెగుతోంది: కేబుల్, పవర్ కనెక్టర్, కంట్రోలర్. డిస్కును వేరే మిషనుకు పెట్టినప్పుడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో స్మార్ట్ లెక్కలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునేవి) కూడా చూసేయండి. రీఎలొకేటెడ్ (చెడితే మార్చినవి), పెండింగ్ (అనుమానంలో ఉన్నవి) సెక్టార్ల దగ్గర సున్నా కాకుండా అంకెలు పెరుగుతుంటే డిస్కు మార్చాలి. సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో డేటా తప్పిన) లెక్క మాత్రమే పెరిగితే డిస్కు బాగానే ఉంది, సాటా కేబుల్ మార్చండి చాలు.

124 మీకు రాలేదు, కానీ వస్తే అది వేరే కథ. అక్కడ విండోస్ ఊహించి చెప్పడం లేదు, ప్రాసెసరే స్వయంగా లోపం ఉందని చెప్పింది. ఎక్స్‌పీ కాలంలో దాన్ని 9సీ అనేవారు. ఇందులో డ్రైవర్ల వెంట పడటం దండగ. వేడి, ఓవర్‌క్లాక్, పవర్, బోర్డు, చివరికి ప్రాసెసర్, ఈ వరసలో చూడాలి.

ఇవన్నీ శుభ్రంగా తేలి, డంపుల్లో ఒకే డ్రైవరు పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంటే అప్పుడు డ్రైవర్ వెరిఫయర్ వాడవచ్చు. అది అనుమానం ఉన్న డ్రైవర్లను కావాలని ఒత్తిడిలో పెట్టి తప్పు చేసిన క్షణంలోనే పట్టుకుంటుంది. మైక్రోసాఫ్ట్ కాని డ్రైవర్లనే ఎంచండి. ముందు రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి, బూట్ కాకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆపేయవచ్చు. ర్యామ్ తేలకముందు దీన్ని పెడితే అమాయకపు డ్రైవర్లు దొరుకుతాయి తప్ప లాభం లేదు.

ర్యామ్ చెడిందని తేలితే మీకు ఖర్చు ఏమీ లేకపోవచ్చు కూడా. పేజ్‌మేకర్‌కు 2 జీబీ ధారాళంగా సరిపోతుంది, చెడిన స్టిక్కు తీసేసి ఒక్కదానితో నడపండి. కొనాలనుకుంటే సెకండ్ హ్యాండ్‌లో 2 జీబీ డీడీఆర్2 దొరుకుతుంది. చవగ్గా కనిపించే 4 జీబీ డీడీఆర్2 స్టిక్కుల జోలికి వెళ్ళకండి, వాటిలో చాలావరకు ఏఎండీ బోర్డులకే పనిచేస్తాయి, పైగా జీ31 మొత్తం 4 జీబీ వరకే తీసుకుంటుంది.

హార్డ్‌వేర్ తేలిన తర్వాత, అప్పుడు ఒక్కసారి ఫార్మాట్ చేయించండి. ఇప్పుడున్న విండోస్‌ను చెడిన ర్యామ్ మీద ఎక్కించారు, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే కొన్ని ఫైళ్ళు తప్పుగా రాసి ఉండొచ్చు. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదలవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది, కాబట్టి ఆ మిషనుకు నెట్ తీసేసి పెన్‌డ్రైవ్‌తోనే పని నడపడం మంచిది. అన్నీ కుదురుకున్నాక సిస్‌ఇంటర్నల్స్ వాళ్ళ డిస్క్2వీహెచ్‌డీతో ఆ డిస్కు మొత్తాన్ని ఒక ఫైలుగా తీసి పెట్టుకోండి. ఎప్పుడైనా ఆ బోర్డు పూర్తిగా పోతే, ఆ ఫైలును కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్‌లో నడిపించుకునే అవకాశం ఉంటుంది. కొంచెం సర్దుబాటు అవసరమవుతుంది గానీ ఫాంట్లు, సెట్టింగులు అన్నీ అలాగే దొరుకుతాయి.

వరస మర్చిపోకండి: ఈ రోజు ప్రింటర్ ప్లగ్ మార్చి, డిస్కు తీసి బ్యాకప్. రాత్రికి మెమ్‌టెస్ట్. రేపు ఆ ఫలితం, ఎర్రర్ వస్తే ఆ స్క్రీన్ ఫోటో, 7ఏ వచ్చిన డంపులో రెండో సంఖ్య, క్రాష్‌లు రోజులో ఏ వేళ వస్తున్నాయో ఇక్కడ రాయండి. ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల ఫోటో కూడా ఒకటి పెట్టండి, పైభాగం కనిపించేలా, మంచి వెలుతురులో.